సైటస్ క్లస్టర్‌లో సెషన్లు, క్వెరీల పర్యవేక్షణ: కోఆర్డినేటర్‌లో ముప్పై ఉంటే వర్కర్లలో వందలెందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. గచ్చిబౌలిలోని మీ సంస్థలో ఆర్డర్ల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ మీద సైటస్‌తో (డేటాను అనేక సర్వర్లకు పంచే పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్‌తో) నడుస్తోంది. క్వెరీలను అందుకుని పంచే కోఆర్డినేటర్ ఒకటి, డేటాను ఉంచుకుని పని చేసే వర్కర్లు నాలుగు (వీటిలో ప్రతి సర్వర్‌నూ నోడ్ అంటారు), సైటస్ వెర్షన్ 11కు పైబడినదే. రాత్రి ఎనిమిది దాటాక అప్లికేషన్ మందగిస్తోంది. అప్పుడు కోఆర్డినేటర్‌లో పీజీ_స్టాట్_యాక్టివిటీ (ఆ ఒక్క సర్వర్‌లోని సెషన్ల జాబితా) చూస్తే 30 సెషన్లే ఉంటున్నాయి, వర్కర్లలో మాత్రం వందల కనెక్షన్లు కనిపిస్తున్నాయి. వాటిలో ఏది ఎవరిదో తెలియక, ఒక వర్కర్‌లో ఎక్కువసేపటి నుంచి నడుస్తున్న ప్రాసెస్‌ను మీరు ఆపితే, అప్లికేషన్‌లో ఎర్రర్ వచ్చి, నిమిషం తిరక్కుండానే అదే క్వెరీ మళ్ళీ ప్రత్యక్షమైంది. క్లస్టర్ మొత్తంలో ఎవరు కనెక్ట్ అయి ఉన్నారో, ఏ క్వెరీ నడుస్తోందో ఒకేచోట ఎలా చూడాలి, ఆపవలసి వస్తే దేన్ని ఆపాలి, డెవలపర్లకు ఈ వివరాలు చూసే అనుమతి ఎంతవరకు ఇవ్వవచ్చు అన్నవి మీరు అడిగిన మూడు విషయాలు.

సూటిగా జవాబు: వర్కర్లలోకి విడివిడిగా వెళ్ళి వెతకడం మానేసి, ‘సైటస్_స్టాట్_యాక్టివిటీ’ అనే వ్యూను (టేబుల్‌లాగా చదవగలిగే జాబితాను) వాడండి. సైటస్ 11 నుంచి ఇది అన్ని నోడ్లలోని సెషన్లనూ ఒకేచోట చూపిస్తుంది. అందులోని ‘గ్లోబల్_పిడ్’ అనే కాలమ్ యూజర్ తెరిచిన మూల సెషన్‌కూ, దాని తరఫున వర్కర్లలో నడుస్తున్న ఉప సెషన్లన్నింటికీ ఒకటే ఉంటుంది. ఆపవలసి వస్తే ఆ గ్లోబల్ పిడ్‌నే ఆపాలి, వర్కర్‌లోని ఉప సెషన్‌ను ఎన్నడూ ముట్టుకోకూడదు. ఇక మందగమనానికి కారణం వెతికేటప్పుడు ఎక్కువసేపు నడుస్తున్న క్వెరీకంటే ముందు ఎక్కువసేపు తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్‌ను (అన్నీ కలిసి ఖరారు కావలసిన, లేదా రద్దు కావలసిన పనుల గుంపును) చూడాలి. అనుభవంలో నేను చూసిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అక్కడే తేలాయి.

ఈ జవాబులో వ్యూల, కాలమ్‌ల పేర్లను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటి ఇంగ్లిషు స్పెల్లింగుతో కొట్టుకోండి.

ముందుగా 30కీ వందలకూ పొంతన కుదరకపోవడం గురించి చెప్తాను, ఎందుకంటే ఇందులో లోపమేమీ లేదు. సైటస్‌లో ఒక టేబుల్‌ను డిస్ట్రిబ్యూట్ చేసినప్పుడు మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే అది 32 షార్డులవుతుంది, అంటే 32 ముక్కలవుతుంది. నాలుగు వర్కర్లకు సమంగా పంచితే ఒక్కో వర్కర్‌కు ఎనిమిది. డిస్ట్రిబ్యూషన్ కాలమ్ (ఏ వరస ఏ షార్డుకు వెళ్ళాలో నిర్ణయించే కాలమ్) మీద ఫిల్టర్ ఉన్న క్వెరీ ఒకే షార్డుకు వెళ్తుంది కనుక దానికి ఒక కనెక్షన్ చాలు. ఆ ఫిల్టర్ లేని క్వెరీ, ఉదాహరణకు రోజువారీ అమ్మకాల రిపోర్టు, 32 షార్డులనూ తాకాలి. అప్పుడు సైటస్ ఒక్కో వర్కర్‌కు మొదట ఒక కనెక్షన్‌తో మొదలుపెట్టి, పని త్వరగా పూర్తి కాకపోతే 10 మిల్లీసెకన్ల విరామంతో మరికొన్నింటిని తెరుస్తూ పోతుంది. ఒక సెషన్ ఒక వర్కర్‌కు తెరవగల కనెక్షన్లకు డిఫాల్ట్ పరిమితి 16. మీకు వర్కర్‌కు ఎనిమిది షార్డులే కనుక ఎనిమిది దగ్గర ఆగుతుంది. అంటే బరువైన రిపోర్టు ఒక్కటి నడిస్తే క్లస్టర్ మొత్తంలో 32 కనెక్షన్లు, అలాంటివి పది ఒకేసారి నడిస్తే 320. ఆపైన, ట్రాన్సాక్షన్ ముగిశాక కూడా ఒక్కో మూల సెషన్ ఒక్కో వర్కర్‌కు ఒక కనెక్షన్‌ను మూసివేయకుండా దాచుకుంటుంది. మీ 30 సెషన్లు పనేమీ చేయకుండా కూర్చున్నా నాలుగు వర్కర్లలో కలిపి 120 దాకా ఖాళీ కనెక్షన్లు కనిపించవచ్చు. వీటిని చూసి కంగారు పడనవసరం లేదు. ఒక వర్కర్‌లో మొత్తం కనెక్షన్లు మ్యాక్స్_కనెక్షన్స్‌కు (ఆ సర్వర్ అనుమతించే గరిష్ఠ సంఖ్యకు) దగ్గరవుతున్నప్పుడే అది సమస్య.

గ్లోబల్ పిడ్ చూడడానికి పొడుగ్గా, అర్థంలేని అంకెలాగా ఉంటుంది కానీ దాని అమరిక సులువైనదే: నోడ్ సంఖ్యను వెయ్యి కోట్లతో గుణించి, ఆ నోడ్‌లోని ప్రాసెస్ సంఖ్యను కలిపితే వచ్చేది. 10000024816 అని కనిపిస్తే అది ఒకటో నోడ్‌లో మొదలైన 24816వ ప్రాసెస్. ఏ నోడ్‌కు ఏ సంఖ్యో పీజీ_డిస్ట్_నోడ్ టేబుల్‌లో ఉంటుంది. ఈ అంకె వర్కర్‌లోని ఉప సెషన్ అప్లికేషన్ పేరులో కూడా కనిపిస్తుంది: ‘సైటస్_ఇంటర్నల్ జీపిడ్=10000024816’ అని. కనుక వర్కర్‌లోకి నేరుగా లాగిన్ అయినప్పుడు కూడా, ఆ పేరును బట్టి ఈ పని ఎవరి తరఫున జరుగుతోందో చెప్పేయవచ్చు.

క్వెరీ వాక్యాన్ని బట్టి జత కలపాలని మాత్రం ప్రయత్నించకండి. కోఆర్డినేటర్‌లో ‘ఆర్డర్స్’ అని ఉన్న టేబుల్ వర్కర్‌కు చేరేసరికి ‘ఆర్డర్స్_102008’, ‘ఆర్డర్స్_102012’ లాంటి షార్డు పేర్లతో మారిపోతుంది. అందువల్ల క్వెరీ ఐడీ కూడా రెండుచోట్ల వేరువేరుగా ఉంటుంది. రెండింటినీ కలిపే దారం గ్లోబల్ పిడ్ ఒక్కటే.

మరో మాట. వెర్షన్ 11 తరవాత అప్లికేషన్లు వర్కర్లకు కూడా నేరుగా కనెక్ట్ కావచ్చు కనుక, వర్కర్‌లో ఉన్నదల్లా ఉప సెషనే అనుకోకూడదు. వ్యూలోని ‘ఈజ్_వర్కర్_క్వెరీ’ కాలమ్ ఫాల్స్ అయితే అది మూల సెషన్, ట్రూ అయితే ఉప సెషన్. రోజువారీ పరిశీలనకు ఫాల్స్ ఉన్న వరసలను మాత్రమే తీసుకుని, వాటిని ‘ఎక్సాక్ట్_స్టార్ట్’ (ట్రాన్సాక్షన్ మొదలైన సమయం) ప్రకారం పాతవి పైకి వచ్చేలా అమర్చుకుంటే, నూటికి తొంభై సందర్భాల్లో చూడవలసిన వరస మొదటి నాలుగైదింటిలోనే ఉంటుంది.

స్థితి కాలమ్‌ను ఎలా చదవాలి అన్నదే అసలు విద్య. ‘యాక్టివ్’ అంటే క్వెరీ నడుస్తోందని అర్థం. ‘ఐడిల్’ అంటే సెషన్ ఖాళీగా ఉందని అర్థం. అప్పుడు క్వెరీ కాలమ్‌లో కనిపించేది నడుస్తున్నది కాదు, ఆ సెషన్ చివరగా నడిపినది. ఈ తేడా తెలియక, మూడు గంటల క్రితం ముగిసిన అప్‌డేట్‌ను ఇప్పుడు నడుస్తున్నదనుకుని ఫోన్ చేసేవాళ్ళు నాకు నెలకు ఒకరైనా తగులుతారు. ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అన్నది అన్నింటిలోకీ ప్రమాదకరమైన స్థితి: సెషన్ ఏ పనీ చేయడం లేదు, అయినా ట్రాన్సాక్షన్ మూయలేదు, పట్టుకున్న లాకులు (డేటా మీద వేసుకున్న తాళాలు) వదలలేదు. డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్‌లో దీని ప్రభావం రెట్టింపు అవుతుంది, ఎందుకంటే కోఆర్డినేటర్‌లో ఒక ట్రాన్సాక్షన్ తెరిచి ఉంటే అది తాకిన ప్రతి వర్కర్‌లోనూ ఒకటి తెరిచే ఉంటుంది. అక్కడ షార్డుల మీద లాకులు నిలిచిపోతాయి, వాక్యూమ్ పాత వరసలను తొలగించలేకపోతుంది.

క్వెరీ ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి ‘వెయిట్_ఈవెంట్’ చూసేటప్పుడు కూడా ఈ రెండంతస్తుల నిర్మాణాన్ని గుర్తుంచుకోవాలి. మూల సెషన్ తరచుగా వర్కర్ల జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది కనుక దాని నిరీక్షణ మనకు చెప్పేది తక్కువ. డిస్క్ చదవడానికి ఆగిందా, లాక్ కోసం ఆగిందా అన్న అసలు సంగతి అదే గ్లోబల్ పిడ్ ఉన్న ఉప సెషన్ల వరసల్లో తెలుస్తుంది. నాలుగు వర్కర్లలో మూడు పని ముగించి, ఒక్క దానిలోనే ఉప సెషన్లు ఇంకా నడుస్తూ ఉంటే క్వెరీని తిట్టుకునే ముందు డేటా పంపకాన్ని చూడండి. ఒక పెద్ద కస్టమర్ డేటా అంతా ఆ వర్కర్‌లోని ఒకే షార్డులో పడి ఉండవచ్చు.

ఇక్కడ నేను చూసిన ఒక సందర్భం చెప్తాను. నగరంలో సరుకుల డెలివరీ చేసే ఒక సంస్థలో రాత్రి కొత్త వెర్షన్ విడుదల చేస్తుండగా అప్లికేషన్ మొత్తం స్తంభించింది. విచిత్రమేమిటంటే వర్కర్లలో సీపీయూ దాదాపు ఖాళీగా ఉంది. కొత్త కాలమ్ చేర్చడానికి ఇచ్చిన ఆల్టర్ టేబుల్ వల్లనే ఇదంతా అని అందరూ దానినే అనుమానించారు, అది సగం నిజమే. ‘సైటస్_లాక్_వెయిట్స్’ వ్యూ తెరిస్తే క్యూ స్పష్టంగా కనిపించింది: వందకు పైగా సెలెక్టులు, ఇన్సర్టులు ఆల్టర్ వెనక ఆగి ఉన్నాయి, ఆ ఆల్టర్ మరొక గ్లోబల్ పిడ్ వెనక ఆగి ఉంది. ఆ చివరి సెషన్ వరసలో అప్లికేషన్ పేరు డీబీవర్ (డేటాబేస్‌లో క్వెరీలు నడిపే టూల్), స్థితి ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్, ట్రాన్సాక్షన్ మొదలైన సమయం మధ్యాహ్నం 12:52. చివరి క్వెరీ ఆర్డర్స్ టేబుల్ మీద లిమిట్ 200తో ఒక మామూలు సెలెక్ట్. రిపోర్టుల విభాగంలో ఒకరు ఆటో కమిట్ (ప్రతి క్వెరీ తరవాత ట్రాన్సాక్షన్‌ను తనంతట తానే ముగించే అమరిక) తీసేసిన ఆ టూల్‌లో ఆ సెలెక్ట్ నడిపి, ల్యాప్‌టాప్ మూయకుండా వెళ్ళిపోయారు. సెలెక్ట్ పట్టుకునే లాక్ చాలా తేలికైనది, మిగతా సెలెక్టులకు, ఇన్సర్టులకు అడ్డు రాదు. అందుకే ఎనిమిది గంటలపాటు ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆల్టర్ కోరే లాక్ మాత్రం దేనితోనూ పొసగదు. అది క్యూలో నిలబడ్డ క్షణం నుంచి దాని వెనక వచ్చిన ప్రతి క్వెరీ ఆగవలసిందే. లాక్ కోఆర్డినేటర్‌లోనే దొరకలేదు కనుక వర్కర్లకు పని వెళ్ళనే లేదు, వాటి సీపీయూ ఖాళీగా ఉండడానికి కారణమదే.

ఇలాంటి చోట ముందుగా ఆపవలసింది ఆల్టర్‌ను. అది తొలగగానే వెనక ఉన్న వంద సెషన్లూ ఒక్కసారిగా కదులుతాయి, కస్టమర్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ తరవాత తీరికగా డీబీవర్ సెషన్‌ను మూసి, ఆల్టర్‌ను మళ్ళీ నడపవచ్చు. ఆల్టర్‌కు ముందు లాక్_టైమవుట్‌ను (లాక్ కోసం ఆగే గరిష్ఠ సమయాన్ని) నాలుగైదు సెకన్లుగా పెట్టడాన్ని ఆ సంస్థ అప్పటినుంచి నియమంగా చేసుకుంది. మీరూ చేసుకోండి.

ఆపడంలో రెండు రకాలున్నాయి, వాటి తేడా తెలియాలి. ‘పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్’ నడుస్తున్న క్వెరీని మాత్రమే ఆపుతుంది, సెషన్ అలాగే ఉంటుంది. ‘పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్’ సెషన్‌నే మూసేస్తుంది. సైటస్‌లో ఈ రెండింటికీ గ్లోబల్ పిడ్‌ను ఇవ్వవచ్చు, ఏ నోడ్ నుంచైనా ఇవ్వవచ్చు. నడుస్తున్న క్వెరీకి మొదట క్యాన్సిల్ ఇవ్వాలి, అది లొంగకపోతేనే టెర్మినేట్. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ ఉన్న సెషన్‌కు క్యాన్సిల్ ఇస్తే ఏమీ కాదు, ఎందుకంటే ఆపడానికి అక్కడ నడుస్తున్న క్వెరీ అంటూ లేదు. దానికి టెర్మినేటే మార్గం. ఇక ఆపరేటింగ్ సిస్టమ్ స్థాయిలో ‘కిల్ -9’ వాడితే, ఒక్క ప్రాసెస్ అర్ధాంతరంగా చచ్చినందుకు పోస్ట్‌గ్రెస్ ఆ నోడ్‌లోని సెషన్లన్నింటినీ తెంచి, రికవరీ చేసుకుని మళ్ళీ లేస్తుంది. అది చికిత్స కాదు, రెండో ప్రమాదం.

మీరు వర్కర్‌లో ప్రాసెస్‌ను ఆపినప్పుడు జరిగింది కూడా ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఉప సెషన్ తెగగానే మూల సెషన్‌కు ఎర్రర్ వచ్చింది, ట్రాన్సాక్షన్ మొత్తం వెనక్కి పోయింది, అప్లికేషన్‌లోని రీట్రై అదే క్వెరీని మళ్ళీ పంపింది. రీట్రై చేసే అప్లికేషన్ విషయంలో మూల సెషన్‌ను ఆపినా ఇదే జరుగుతుంది కనుక, మూడోసారి కూడా తిరిగి వచ్చిన క్వెరీని డేటాబేస్ వైపు నుంచి ఆపడం మానేసి ఆ సర్వీసు యజమానులతో మాట్లాడడం మేలు.

ఇంతకంటే చిక్కైన రకం ఇంకొకటి ఉంది, దాని గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే సెషన్ల జాబితాలో అది అసలు కనిపించదు. ఒకటికంటే ఎక్కువ నోడ్లలో రాసే ట్రాన్సాక్షన్‌ను సైటస్ రెండు దశల్లో కమిట్ చేస్తుంది: మొదట ప్రతి వర్కర్‌లో సిద్ధపరచి, తరవాత ఖరారు చేస్తుంది. ఈ రెండింటి మధ్య వర్కర్ పడిపోతే, సిద్ధపరచిన (ప్రిపేర్డ్) ట్రాన్సాక్షన్ డిస్క్ మీద నిలిచి ఉంటుంది. వర్కర్ మళ్ళీ లేచాక కూడా అది తన లాకులను పట్టుకునే ఉంటుంది, కానీ దాని వెనక ఏ ప్రాసెస్ ఉండదు. రంజాన్ మాసంలో హలీం ఆర్డర్లు పోటెత్తే వేళ ఒక ఫుడ్ ఆర్డర్ల సంస్థలో సరిగ్గా ఇదే జరిగింది. ఒక వర్కర్ రీస్టార్ట్ అయింది, ఆ తరవాత కొన్ని రెస్టారెంట్ల ఆర్డర్లు మాత్రమే కదలడం లేదు. లాక్ కోసం ఎదురుచూసేవాళ్ళు జాబితాలో కనిపిస్తున్నారు, పట్టుకున్నవాళ్ళు ఎక్కడా లేరు. ఆ వర్కర్‌లోకి నేరుగా వెళ్ళి, ఆగి ఉన్న ఒక ప్రాసెస్ మీద ‘పీజీ_బ్లాకింగ్_పిడ్స్’ నడిపితే జవాబుగా సున్నా వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో ఆ సున్నాకు ఒకటే అర్థం: అడ్డుపడుతున్నది సెషన్ కాదు, సిద్ధపరచిన ట్రాన్సాక్షన్. ‘పీజీ_ప్రిపేర్డ్_ఎక్సాక్ట్స్’ తెరిస్తే సైటస్ పేరుతో మొదలయ్యే వరస అక్కడే ఉంది.

మామూలుగా సైటస్ నిర్వహణ ప్రాసెస్ డిఫాల్ట్‌గా 60 సెకన్లకొకసారి ఇలాంటివాటిని వెతికి పరిష్కరిస్తుంది. ఆ రోజు అది చేయలేకపోవడానికి కారణం, లాకు కోసం ఆగిన సెషన్లతో ఆ వర్కర్ మ్యాక్స్_కనెక్షన్స్ నిండిపోయి, నిర్వహణ ప్రాసెస్‌కు కనెక్షనే దొరకకపోవడం. ఆగి ఉన్న మూల సెషన్లలో కొన్నింటిని టెర్మినేట్ చేసి చోటు కల్పించి, కోఆర్డినేటర్‌లో ‘రికవర్_ప్రిపేర్డ్_ట్రాన్సాక్షన్స్’ ఫంక్షన్‌ను నడిపితే సరిపోయింది. ఆ వరసను చేతితో కమిట్ చేయాలా, రోల్‌బ్యాక్ చేయాలా అని సొంతంగా నిర్ణయించడానికి దిగకండి. ఆ నిర్ణయానికి కావలసిన రికార్డు కోఆర్డినేటర్ దగ్గర ఉంటుంది. తప్పు వైపు నిర్ణయిస్తే సగం వర్కర్లలో ఆర్డర్ ఉండి, సగంలో లేకుండా పోతుంది.

వ్యూను నమ్మేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. సైటస్_స్టాట్_యాక్టివిటీ తనంతట తాను ప్రతి నోడ్‌కు కనెక్ట్ అయి వివరాలు పోగుచేస్తుంది. ఒక వర్కర్ అందకపోతే వ్యూ మొత్తం ఆగదు. ఒక హెచ్చరిక ఇచ్చి, ఆ వర్కర్ వరసలు లేకుండానే జవాబిస్తుంది. టెర్మినల్‌లో ఆ హెచ్చరిక కనిపిస్తుంది, డ్యాష్‌బోర్డులో కనిపించదు. కనుక డ్యాష్‌బోర్డులో సెషన్ల సంఖ్యతోపాటు ఎన్ని నోడ్ల నుంచి వరసలు వచ్చాయో కూడా చూపించండి, లేకపోతే పడిపోయిన నోడ్ ప్రశాంతంగా ఉన్న నోడ్‌లాగా కనిపిస్తుంది. కనెక్షన్లు పూర్తిగా నిండిపోయినప్పుడు వ్యూయే చిక్కుకుపోతుంది కనుక, ప్రతి నోడ్‌కూ సూపర్‌యూజర్‌గా నేరుగా వెళ్ళే దారి సిద్ధంగా ఉండాలి. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా మూడు కనెక్షన్లను సూపర్‌యూజర్ కోసం పక్కన పెట్టేది ఇందుకే. అప్లికేషన్‌ను సూపర్‌యూజర్‌గా నడిపే సంస్థల్లో ఆ మూడు కూడా మొదటి నిమిషంలోనే పోతాయి.

ఇంకొక చిన్న విషయం: బిగిన్ చేసి, అదే ట్రాన్సాక్షన్‌లో పీజీ_స్టాట్_యాక్టివిటీని పదేపదే చూస్తే మొదటిసారి కనిపించిన చిత్రమే ప్రతిసారీ కనిపిస్తుంది. ఏమీ కదలడం లేదని కంగారు పడేముందు మీరు ట్రాన్సాక్షన్ లోపల లేరని నిర్ధారించుకోండి. గడియారాల సంగతి కూడా అంతే. క్వెరీ మొదలైన సమయం వర్కర్ గడియారం ప్రకారం వస్తుంది, మీరు దానిని కోఆర్డినేటర్ ఇప్పటి సమయంలోంచి తీసివేస్తారు. గడియారాలు కలవకపోతే నడిచిన సమయం మైనస్‌లో వస్తుంది. సర్వర్లు యూటీసీలో (మన సమయంకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయంలో) ఉంటే రాత్రి 8:40కి జరిగినది లాగులో 15:10గా ఉంటుందని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పి ఉంచండి.

ప్రతి సెషన్‌కూ పేరుండాలి. మీరు చెప్పిన 30 సెషన్లలో చాలావాటికి క్లయింట్ చిరునామాగా ఒకే ఐపీ ఉండి ఉంటుందని నా ఊహ, ఎందుకంటే మధ్యలో పీజీబౌన్సర్ (కనెక్షన్లను పూల్‌గా ఉంచి పంచే ప్రోగ్రామ్) ఉన్నప్పుడు అన్నీ దాని చిరునామాతోనే వస్తాయి. అప్పుడు ఎవరెవరో చెప్పగలిగేది అప్లికేషన్_నేమ్ ఒక్కటే. ప్రతి సర్వీసు తన కనెక్షన్ స్ట్రింగ్‌లోనే సర్వీసు పేరు, బృందం పేరు పెట్టాలి; పేరు లేని సెషన్లను హెచ్చరిక లేకుండా టెర్మినేట్ చేస్తామని ఒకసారి ప్రకటిస్తే రెండు వారాల్లో అందరికీ పేర్లు వచ్చేస్తాయి. క్వెరీలో కామెంటుగా ఏపీఐ పేరు చేర్చే పద్ధతి కూడా మంచిదే, కానీ కామెంటును క్వెరీ మొదట్లో పెట్టాలి. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా క్వెరీలో మొదటి 1024 బైట్లనే చూపిస్తుంది. ఓఆర్ఎమ్‌లు (ప్రోగ్రామ్ కోడ్ నుంచి క్వెరీలను పుట్టించే లైబ్రరీలు) తయారుచేసే క్వెరీల్లో ఆ 1024 బైట్లూ కాలమ్ పేర్లకే సరిపోతాయి. పరిమితిని పెంచుకోవచ్చు, అయితే అందుకు రీస్టార్ట్ కావాలి. పూల్ వద్దనే ఎదురుచూస్తున్న అప్లికేషన్ కనెక్షన్లు డేటాబేస్‌లో అసలు కనిపించవు, వాటికోసం పీజీబౌన్సర్‌లో ‘షో పూల్స్’ ఇచ్చి ఎదురుచూస్తున్న క్లయింట్ల సంఖ్యను చూడాలి.

చరిత్ర గురించి కూడా చెప్పాలి. ఈ వ్యూలన్నీ ఈ క్షణంలో ఉన్నదే చూపిస్తాయి. రాత్రి 8:40కి ఏం జరిగిందో ఉదయం పదింటికి చెప్పలేవు. నేను పది సెకన్లకొకసారి మూల సెషన్ల వరసలను క్లస్టర్‌కు బయట ఉన్న ఒక చిన్న పోస్ట్‌గ్రెస్‌లో భద్రపరుస్తాను, వారం దాటినవి తొలగిస్తాను. అయితే 20 మిల్లీసెకన్లలో ముగిసి నిమిషానికి వేలసార్లు నడిచే క్వెరీ ఇలాంటి నమూనాల్లో దొరకడం కష్టం, దానికి ఏ క్వెరీ ఎన్నిసార్లు, ఎంతసేపు నడిచిందో లెక్కగట్టే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ ఉండాల్సిందే. అలర్టులు మాత్రం నాలుగింటికే పెట్టండి: ఐదు నిమిషాలు దాటిన ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్, అరనిమిషం దాటిన లాక్ నిరీక్షణ, ఏ నోడ్‌లోనైనా 80 శాతం దాటిన కనెక్షన్లు, ఐదు నిమిషాలు దాటిన ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్. ‘ఎక్కువసేపు నడుస్తున్న క్వెరీ’ అనే అలర్ట్ పెడితే రాత్రిపూట బ్యాచ్ పనులన్నీ మోగుతాయి, వారంలో అందరూ దాన్ని మ్యూట్ చేస్తారు.

ఐడిల్ ట్రాన్సాక్షన్లను వాటంతటవే మూసే టైమవుట్ పెట్టవచ్చు కదా అని మీరు అడగవచ్చు. పెట్టాలి, కానీ కోఆర్డినేటర్‌లోని యూజర్ సెషన్లకు మాత్రమే. ఒక ట్రాన్సాక్షన్ మూడో వర్కర్‌లో పని చేయిస్తున్నంతసేపు ఒకటో వర్కర్‌లోని దాని ఉప సెషన్ న్యాయంగానే ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌లో ఉంటుంది. అదే టైమవుట్ వర్కర్లలో కూడా ఉంటే ఆరోగ్యంగా నడుస్తున్న పని మధ్యలో తెగుతుంది. రోల్ మీద ఆల్టర్ రోల్‌తో పెడితే ఆ అమరిక వర్కర్లకు కూడా చేరే అవకాశం ఉంది కనుక, రిపోర్టు టూల్ కనెక్షన్ తెరవగానే నడిచే సెట్ కమాండ్‌గా పెట్టడం నాకు నచ్చిన దారి.

సైటస్ కాక వేరే డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్‌లు వాడేవారు కూడా ఇది చదువుతారు కనుక రెండు మాటలు. కాక్రోచ్‌డీబీలో ‘షో క్లస్టర్ సెషన్స్’, ‘షో క్లస్టర్ క్వెరీస్’ అన్ని నోడ్లనూ చూపిస్తాయి, ఆపడానికి ‘క్యాన్సిల్ క్వెరీ’, ‘క్యాన్సిల్ సెషన్’ ఉన్నాయి. టైడీబీలో ‘క్లస్టర్_ప్రాసెస్‌లిస్ట్’ టేబుల్ ఉంది; వెర్షన్ 6.1 నుంచి ఏ సర్వర్ నుంచైనా కిల్ ఇవ్వగలిగే సౌకర్యం డిఫాల్ట్‌గా వచ్చింది, అంతకుముందు ఆ సెషన్ ఉన్న సర్వర్‌కే వెళ్ళాలి. యుగబైట్‌డీబీలో పీజీ_స్టాట్_యాక్టివిటీ మీరు కనెక్ట్ అయిన నోడ్‌నే చూపిస్తుందని మరవకండి. ఒరాకిల్ ర్యాక్ నుంచి వచ్చినవారికి వీ డాలర్ సెషన్‌కూ జీవీ డాలర్ సెషన్‌కూ ఉన్న తేడా (మొదటిది ఒక్క సర్వర్‌నే, రెండోది అన్నింటినీ చూపిస్తుంది) తెలిసిందే, ఇక్కడ జరుగుతున్నదీ అదే.

ఇక అనుమతులు. డెవలపర్లకు పీజీ_మానిటర్ రోల్ ఇస్తే అందరి సెషన్లు, అందరి క్వెరీలు కనిపిస్తాయి. అది లేకపోతే ఇతరుల క్వెరీ స్థానంలో అనుమతి లేదన్న మాటే వస్తుంది. ఆ సభ్యత్వం వర్కర్లలో కూడా ఉందో లేదో ఒకసారి తనిఖీ చేయండి. ఆపే అధికారం ఇచ్చే పీజీ_సిగ్నల్_బ్యాకెండ్‌ను ఆన్‌కాల్‌లో ఉండేవారికి మాత్రం ఇవ్వండి, దానితో సూపర్‌యూజర్ సెషన్లను ఆపలేరు కనుక పెద్ద ప్రమాదం ఉండదు. అయితే పీజీ_మానిటర్‌ను కూడా ఉదారంగా పంచవద్దని నా సలహా. అప్లికేషన్ విలువలను పారామీటర్లుగా పంపితే క్వెరీలో డాలర్ గుర్తుతో అంకె మాత్రమే కనిపిస్తుంది. విలువలను నేరుగా వాక్యంలో అతికిస్తే కస్టమర్ ఫోన్ నంబరు, చిరునామా క్వెరీ కాలమ్‌లో అందరి కళ్ళ ముందూ ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చాక ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. కాక్రోచ్‌డీబీలో విలువలను మరుగుపరచి క్వెరీలు చూపే ప్రత్యేక అనుమతి ఉంది, పోస్ట్‌గ్రెస్‌లో అలాంటిది లేదు. కనుక నేను చేసేదేమిటంటే, పది సెకన్లకొకసారి భద్రపరిచే ఆ చిన్న డేటాబేస్‌లో క్వెరీ వాక్యానికి బదులు క్వెరీ ఐడీని, అప్లికేషన్ పేరును, స్థితిని, నిరీక్షణ కారణాన్ని మాత్రమే ఉంచి, డెవలపర్లకు దానిని చూసే అనుమతి ఇస్తాను. పూర్తి వాక్యం కావాలంటే ఆ ఐడీ చెప్పి డేటాబేస్‌ను నిర్వహించే డీబీఏ బృందాన్ని అడుగుతారు.